గుండె వార్డులో కొత్త నర్సు



మాది కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకా, బైరకూరు. ఆంధ్ర సరిహద్దు మాకు దగ్గరే. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు. పొద్దున పిల్లలకు కన్నడంలో లెక్కలు చెబుతాను. సాయంత్రం అదే పిల్లల తల్లిదండ్రులు బడి గేటు దగ్గర నిలబడి, "మిస్సూ, పాపను ముందుకు ఏమి చదివిద్దాము?" అని తెలుగులో అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళుగా నేను ఎక్కువసార్లు చెప్పిన జవాబు ఒకటే. నర్సింగు చదివించండి అని. జీఎన్‌ఎం అయితే మూడేళ్ళు, బీఎస్సీ అయితే నాలుగేళ్ళు. చదువు కాగానే ఉద్యోగం దొరుకుతుంది, బెంగుళూరు దూరం కాదు, పిల్ల తన కాళ్ళమీద తాను నిలబడుతుంది. ఇవీ నేను చెప్పే కారణాలు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఎలా ఉంటుందన్నది మాత్రం నేను ఏనాడూ చెప్పలేదు. నాకే తెలియదు మరి, ఏం చెప్పను?

అలా నేను పంపిన ఒక అమ్మాయి ద్వారానే అది నాకు తెలిసింది. ఆ సంగతే ఈరోజు మీతో మనవి చేస్తాను. ఆమె పేరు, పనిచేసే ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పవద్దని ఆమే కోరింది.

ఆమె బెంగుళూరులో ఒక ఆసుపత్రి గుండె వార్డులో చేరి రెండు నెలలు కూడా కాలేదు. ఒకరోజు బడి వదిలే వేళకు వాళ్ళ నాయన వచ్చారు. టమేటా రైతు. వడ్డహళ్ళి మండీలో సరుకు దించేసి నేరుగా నా దగ్గరికే వచ్చినట్టున్నారు, చొక్కా నిండా దుమ్ము. "మిస్సూ, పాప రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నిద్ర లేదంట, కూడు లేదంట, చేతులు వణుకుతాయంట. నేను పొయ్యి పిలుచుకొని వచ్చేస్తా. మీరేమంటారు?" అన్నారు.

"రెండు రోజులు ఆగండి, నేను మాట్లాడతాను" అన్నాను. అన్నానే గాని నా గుండెల్లోనూ రాయి పడింది. పంపింది నేనే కదా.

ఆ ఆదివారం వారపు సెలవుకు అమ్మాయి ఊరికి వచ్చింది. మా బడి వెనకాల కట్టమీద కూర్చొని మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. మొదట ఏమీ లేదు మిస్ అంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది.

గుండె వార్డు మీలో కొందరు చూసే ఉంటారు. మంచానికి ఒక మానిటరు. రోగి ఛాతీమీద అంటించిన తీగలనుంచి గుండె కొట్టుకునే తీరు దానిమీద గీతలా పరుగెడుతూ ఉంటుంది. గీత తేడాగా వస్తే గంట మోగుతుంది. ఆమె చేరిన రెండో వారంలో, తెల్లవారుజామున, ఒక మానిటరు మీద గీత ఉన్నట్టుండి పిచ్చిగీతలుగా మారి గంట మోగింది. పుస్తకంలో చదువుకున్న ప్రాణాంతకమైన లయ అచ్చం అలాగే ఉంటుంది. ఈ పిల్ల పెద్దగా కేకవేసి, డాక్టరును పిలవమని అరుస్తూ మంచం దగ్గరికి పరుగెత్తింది. చూస్తే ఆ పెద్దాయన లేచి కూర్చొని పళ్ళు తోముకుంటున్నాడు. చెయ్యి అలా ఊగితే తీగలూ ఊగుతాయి, గీతా ఊగుతుంది. వార్డంతా నవ్వింది. నవ్వనిది ఒక్కరే, కేరళనుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టర్. "ముందు మనిషిని చూడు, తర్వాత మిషన్‌ను చూడు" అని మాత్రం చెప్పిందట.

ఇంతవరకైతే ఇది నవ్వుకొని మరిచిపోయే కథ. కాని వారం తిరక్కుండా మళ్ళీ గంట మోగింది. మళ్ళీ అవే పిచ్చిగీతలు. ఈసారి ఈ పిల్ల కేకవేయలేదు. మళ్ళీ నవ్వుతారేమో, ఎవరో గోక్కుంటున్నారేమో అనుకొని నిదానంగా నడిచి వెళ్ళింది. ఆ మనిషికి తెలివి లేదు. ఈసారి అది నిజం. పెద్ద సిస్టరు వచ్చింది, ఛాతీ అదమడం మొదలుపెట్టారు, షాక్ ఇచ్చారు, ఆయన బతికాడు. వారం తర్వాత నడిచి ఇంటికి వెళ్ళాడు కూడా. ఆలస్యమైంది పది సెకన్లో పదిహేను సెకన్లో. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అసలు ఎవరూ గమనించనే లేదు. కాని ఆమెకు తెలుసు. "ఆయన పోయి ఉంటే, మిస్?" అని నన్ను అడిగింది. ఫోనులో నాయనకు చెప్పుకోలేక ఏడ్చింది దీనికే.

శ్రోతలారా, ఆ పదిహేను సెకన్ల విలువ ఏమిటో నాకు ఆరోజు తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడితే రక్తం ముందుకు సాగదు. ఛాతీ అదమకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్ళ చొప్పున తగ్గిపోతుందని లెక్క. అసలు గుండె వార్డు అంటూ ఒకటి పుట్టిందే ఈ నిమిషాల కోసం. ఆ పుట్టుక కథలో నర్సుదే ముఖ్యపాత్ర అని మనలో చాలామందికి తెలియదు.

1960కి ముందు గుండెపోటు వచ్చినవాళ్ళను ఆసుపత్రిలో ఏదో ఒక వార్డులో, అలికిడి లేని మూల మంచంలో వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. వాళ్ళలో కొందరు ఎవరూ చూడని వేళ గుండె లయ తప్పి పోయేవారు. తెల్లవారి చూసేసరికి మనిషి లేడు. 1960లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, ఛాతీని కోయకుండా పైనుంచి చేతులతో అదిమి రక్తప్రసరణ సాగించవచ్చని లోకానికి చూపించారు. మరుసటి ఏడు బ్రిటన్‌లో డెస్మండ్ జూలియన్ అనే యువ వైద్యుడు, ఇలాంటి రోగులందరినీ ఒకేచోట ఉంచి, రాత్రింబవళ్ళు మానిటరుతో కనిపెట్టి ఉండాలని రాశాడు. 1962లో అమెరికాలోని కాన్సాస్ నగరంలో హ్యూస్ డే అనే వైద్యుడు అలాంటి విభాగం తెరిచాడు. అదే కాలంలో ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్ అనే వైద్యుడు, రోజ్ పినియో అనే నర్సు కలిసి ఒక సాహసం చేశారు. డాక్టరు ఇరవైనాలుగు గంటలూ మంచం పక్కన ఉండలేడు. ఉండేది నర్సు. అలాంటప్పుడు గీత చదవడం నర్సుకే నేర్పాలి, డాక్టరు వచ్చేదాకా ఆగకుండా షాక్ ఇచ్చే అధికారమూ నర్సుకే ఇవ్వాలి అన్నారు. నర్సు బీపీ చూసి కాగితం మీద రాసుకోవాలే గాని సొంతంగా నిర్ణయం చేయకూడదన్న రోజులవి. వీళ్ళు 1965లో తెచ్చిన పుస్తకం కూడా డాక్టర్ల కోసం కాదు, నర్సుల కోసమే. ఇలాంటి విభాగాలు వచ్చాక ఆసుపత్రుల్లో గుండెపోటు మరణాలు సుమారు సగానికి తగ్గాయి.

మన ప్రాంతం వాళ్ళకు గుండెజబ్బు అంటే ఒకప్పుడు చిత్తూరు మీదుగా వెల్లూరు ప్రయాణమే. బెంగుళూరులో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో జయదేవ సంస్థ మొదలైంది. తిరుపతిలో స్విమ్స్ 1993లో వచ్చింది. ఇప్పుడు ఏ దిక్కుకు పోయినా గుండె వార్డు ఉంది, ప్రతి గుండె వార్డులోనూ మన ఊళ్ళ పిల్లలు ఉన్నారు.

మళ్ళీ మా అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆమె చెప్పిన రెండో సంగతి నన్ను ఇంకా ఎక్కువగా తాకింది, ఎందుకంటే అది లెక్కల సంగతి. హెపారిన్ అని రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఒకటుంది. సీసాలో 5 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 5,000 యూనిట్లు. అంటే సీసా మొత్తం 25,000. దానికి సెలైన్ కలిపి 50 మిల్లీలీటర్లు చేస్తే మిల్లీలీటరుకు 500 యూనిట్లు వస్తాయి. డాక్టరు గంటకు 1,000 యూనిట్లు ఇమ్మంటే పంపును గంటకు 2 మిల్లీలీటర్ల మీద పెట్టాలి. ఇంతే, మన ఏడో తరగతి త్రైరాశికం. ఈ పిల్ల నా క్లాసులో ఇలాంటి లెక్క ఎన్నడూ తప్పలేదు. రాత్రి మూడు గంటలకు, రెండు పక్కలా గంటలు మోగుతుండగా, లెక్క సరిగ్గానే చేసింది. పంపుమీద రెండు చుక్క సున్నా అని కొట్టబోయింది. చుక్క సరిగా పడలేదు, ఇరవై పడింది. పదింతలు. గుండెజబ్బు మనిషికి పదింతల హెపారిన్ ఎక్కితే ఎక్కడినుంచి రక్తం కారుతుందో చెప్పలేం. ఇలాంటి మందులు మొదలుపెట్టే ముందు ఇంకొక నర్సు వచ్చి చూసి సంతకం పెట్టాలన్న నియమం ఆ వార్డులో ఉంది. ఆ రెండో నర్సు పట్టుకుంది.

తర్వాత తెలిసింది, ఇది అందరికీ తెలిసిన ప్రమాదమేనట. అందుకే మందుల చీటీలో రెండు పక్కన చుక్క సున్నా పెట్టకూడదంటారు, చుక్క కనబడకపోతే ఇరవై అవుతుంది. అదే అరకు మాత్రం చుక్క ముందు సున్నా తప్పక రాయాలి, లేకుంటే ఐదు అవుతుంది. రెండుకూ రెండు చుక్క సున్నాకూ తేడా లేదని ఇరవై ఏళ్ళుగా నల్లబల్లమీద రాసి చూపిస్తున్నది నేనే. లెక్కల్లో తేడా లేదు నిజమే. వార్డులో ఉంది.

"పంపు మీద చూసినప్పుడు నీకు అనుమానం రాలేదా?" అని అడిగాను. వచ్చిందట. ఏదో తేడాగా ఉందనిపించిందట. "మరి ఎందుకు అడగలేదు?" అంటే తలవంచుకొని, "అడిగితే ఇదికూడా తెలీదా అంటారేమోనని, మిస్" అంది.

ఆ మాట దగ్గర నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నా క్లాసులో "తెలీదు మిస్" అన్న పిల్లను నేను ఏం చేసేదాన్ని? నిలబెట్టేదాన్ని. తెలిసిన పిల్లను లేపి జవాబు చెప్పించి, "చూడు, అది నీ వయసుదే కదా" అనేదాన్ని. ఒక్క నేనే కాదు, మన బళ్ళన్నీ అంతే. ఏళ్ళ తరబడి తెలియదనడం తప్పని నేర్పి, ఆ పిల్లను తీసుకెళ్ళి, తెలియనిది వెంటనే తెలియదని చెప్పకపోతే మనిషి పోయే చోట నిలబెడుతున్నాం. ఆమె చేతులు వణకడంలో వింత ఏముంది?

నర్సులమీద పరిశోధన చేసినవాళ్ళు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. మార్లీన్ క్రేమర్ అనే అమెరికా పరిశోధకురాలు 1974లోనే, కొత్త నర్సులు ఎందుకు వృత్తి మానేస్తున్నారో ఒక పుస్తకం రాసింది. కాలేజీలో నేర్చుకున్న వార్డు ఒకటి, కళ్ళ ముందున్న వార్డు మరొకటి. ఆ రెంటి మధ్య పడే దెబ్బకు ఆమె వాస్తవపు షాక్ అని పేరు పెట్టింది. 1984లో పాట్రీషియా బెనర్ అనే ఆమె నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా చెప్పింది. నాకు అది మా ఒకటో తరగతి లాగే కనిపించింది. మొదట పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతుంది. చదివినదానికి అర్థం అడిగితే చెప్పలేదు, దాని శక్తంతా అక్షరాలకే సరిపోయింది. కొన్నాళ్ళకు పేజీ చూడగానే అర్థమైపోతుంది. కొత్త నర్సు వార్డును కూడబలుక్కొని చదువుతోంది. బీపీ ఒక అక్షరం, నాడి ఒక అక్షరం, మూత్రం ఒక అక్షరం. పక్కన పదేళ్ళ అనుభవమున్న సిస్టరు గుమ్మంలోనుంచే చూసి "నాలుగో మంచం ఆయన నాకు నచ్చడం లేదు" అంటుంది. ఎందుకు నచ్చలేదో ఆమె కూడా వెంటనే చెప్పలేదు. ఒకే రకం పనిలో రెండు మూడేళ్ళు గడిస్తే గాని నర్సుకు పనిమీద పట్టు చిక్కదని బెనర్ అంటుంది. మనమేమో రెండు నెలలకే పిల్ల ఏడ్చిందని బస్సెక్కుతున్నాం.

మూడో నెలలో అమ్మాయిని గుండె ఆపరేషన్ అయినవాళ్ళ వార్డుకు మార్చారు. అక్కడ ఇంకొక రకం పాఠం. బైపాస్ అయినవాళ్ళ ఛాతీనుంచి రక్తం, నీరు బయటికి రావడానికి గొట్టాలు పెడతారు. గంటగంటకూ ఎంత వచ్చిందో కొలిచి రాయాలి. వచ్చేది తగ్గుతూ పోవాలి, అది మంచిదే. కాని బాగా వస్తున్నది ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే కొత్త నర్సు సంతోషిస్తుంది. అది సంతోషించే విషయం కాదు. గొట్టంలో గడ్డకట్టి, రక్తం లోపలే గుండె చుట్టూ చేరి, గుండెను నొక్కేస్తూ ఉండవచ్చు. బీపీ పడిపోతుంది, నాడి పెరుగుతుంది. అప్పుడు క్షణం ఆలస్యం లేకుండా డాక్టరును పిలవాలి.

పిలవడం అని సులభంగా అనేశాను. రాత్రి రెండు గంటలకు పెద్ద డాక్టరును లేపడం ముళబాగిలు తాలూకా పిల్లకు ఎంత కష్టమో మీరు ఊహించుకోండి. పెద్దవాళ్ళ ముందు గొంతెత్తవద్దని, అడిగితేనే మాట్లాడమని పెంచాం. మొదటిసారి ఫోన్ చేసి, "సార్, సారీ సార్, పేషెంటు కొంచెం బాగలేదు సార్" అందట. "బాగలేదంటే?" అని అవతలినుంచి విసుగు. ఈమెకు మాట ఆగిపోయింది. దీనికి ఆసుపత్రుల్లో ఇప్పుడు ఒక పద్ధతి నేర్పుతున్నారు. మొదట అమెరికా నౌకాదళంవారు జలాంతర్గాముల్లో వాడుకున్నారట, తర్వాత ఆసుపత్రులవారు తీసుకున్నారు. ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనుక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి, ఈ నాలుగూ వరసగా చెప్పాలి. పెద్ద సిస్టరు ఆమెచేత కాగితంమీద రాయించి, పాఠం అప్పజెప్పించినట్టు చెప్పించింది. ఆ కాగితం ఆమె నాకు చూపించింది. ఇలా ఉంది:

"సార్, ఆరో మంచం. గంటకు 80 వస్తున్న డ్రెయిను ఈ గంటలో ఏమీ రాలేదు. బీపీ 120 నుంచి 90కి పడింది, నాడి 118. నిన్న బైపాస్ అయిన 58 ఏళ్ళ ఆయన. గుండె చుట్టూ రక్తం చేరిందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే రావాలి."

అన్నిటికన్నా కష్టమైన వాక్యం చివరిదే అని ఆమె చెప్పింది. "మీరు రావాలి అని పెద్ద డాక్టరుతో నేనెట్లా అనేది, మిస్? వీలైతే వస్తారా సార్ అనే నోటికి వస్తుంది." పెద్ద సిస్టరు ఆ ఒక్క వాక్యం ఇరవైసార్లు పలికించిందట.

అన్నీ కష్టాలే చెప్పాను. మన పిల్లలకు ఉన్న ఒక బలం కూడా చెప్పాలి. ఒక రాత్రి చిత్తూరు వైపునుంచి ఒక ముసలమ్మను తీసుకొచ్చారు. షుగరు ఉన్న మనిషి. కొడుకు, "గ్యాస్ట్రిక్ సార్, సోడా తాగించినాము, తగ్గలేదు" అంటున్నాడు. మన వైపు ఎదలో ఏమొచ్చినా గ్యాస్ట్రిక్కే కదా. డ్యూటీ డాక్టరుకు తెలుగు రాదు. హిందీలో, కన్నడంలో నొప్పి ఉందా అని అడిగాడు. ఆమె లేదంది. ఆమె అబద్ధం చెప్పలేదు. మా అమ్మాయి పక్కన కూర్చొని చెయ్యి పట్టుకొని, "అవ్వా, ఎట్లుంది?" అని అడిగితే, "నొప్పి ల్యా తల్లీ, దవడ లాగతా ఉంది, ఎద పట్టేసినట్టు, ఒళ్ళంతా చెమట" అంది. ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో గుండెపోటు ఇలా నొప్పి లేకుండా, దవడలోనో వీపులోనో లాగుతూ, ఆయాసంగా రావచ్చు. అమ్మాయి అది డాక్టరుకు చెప్పింది, ఈసీజీ వెంటనే తీశారు. గుండెపోటే. ఆ రాత్రి తర్వాత వార్డులో ఎవరికైనా తెలుగు కావాలంటే ఈమెనే పిలిచారు. "ఎద పట్టేసినట్టు" అంటే ఏమిటో, కన్నడంలో "ఎదె హిడ్కొండంగాగుత్తె" అంటే ఏమిటో, "దడ" వేరు, "ఆయాసం" వేరు, "కండ్లు తిరగడం" వేరు అని తమిళం, మలయాళం వాళ్ళకు విడదీసి చెప్పింది. రెండు భాషలు రావడం మా ఊరి పిల్లలకు లోపమని బెంగుళూరు వాళ్ళు అంటూంటారు, అచ్చ కన్నడమూ రాదు, అచ్చ తెలుగూ రాదని. వాళ్ళు ఒక్క రాత్రి ఆ వార్డులో ఉండి చూడాలి.

ఈసీజీ తీయడంలోనూ కొత్తలో బిడియం ఒకటి ఉంటుంది. పది తీగలు, అందులో ఆరు ఛాతీ మీద. మగవాళ్ళ ఛాతీమీద చెయ్యి వేయడం పెళ్ళికాని పిల్లకు మొదట్లో కష్టమే. ఆడవాళ్ళయితే రవిక విప్పమంటే సగంమంది ఒప్పుకోరు. పైట కప్పే ఉంచి, కిందనుంచి తీగలు పెట్టడం ఎలాగో వార్డులోనే నేర్చుకోవాలి. ఒక్క తీగ స్థానం మారినా గీత మారిపోతుంది. 2021లో పునీత్ రాజ్‌కుమార్ నలభయ్యారేళ్ళకే గుండె ఆగి చనిపోయాక, ఆయన పేరు మీద కర్ణాటక ప్రభుత్వం హృదయజ్యోతి అని ఒక పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి గుండె వైద్యులు చూసి చెబితే, గడ్డ కరిగించే సూది అక్కడికక్కడే ఇచ్చే ఏర్పాటు అది. అంటే తాలూకా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఉన్న నర్సు ఆ ఆరు తీగలు ఎక్కడ పెట్టిందన్న దానిమీద వంద కిలోమీటర్ల అవతల నిర్ణయం ఆధారపడుతుంది.

జీతం సంగతి క్లుప్తంగా చెబుతాను. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మీద కేంద్ర ప్రభుత్వం వేసిన సంఘం, యాభై పడకలకన్నా చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద ఉంది. చేరేముందు ఎంత ఇస్తారో, రాత్రికి ఎన్ని మంచాలు చూడాలో, మొదటి నెలల్లో పక్కన పెద్ద సిస్టరు ఉంటుందా లేదా అని అడిగి తెలుసుకోండి. జీతంకన్నా ఆ మూడో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం.

చావు గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు. మొదటి మరణం ఒక నలభై ఏళ్ళాయనది. అరగంట ఛాతీ అదిమారు. నిమిషానికి వందకు తగ్గకుండా అదమాలి, రెండు నిమిషాలకు మనిషి మారాలి, అంత శ్రమ అది. బయట ఆయన భార్య ఏడుపు లోపలికి వినిపిస్తోంది. గంటలో ఆ మంచం మీద కొత్త దుప్పటి, కొత్త మనిషి. ఆ కొత్త మనిషితో నవ్వుతూ మాట్లాడాలి. "ఆరోజు హాస్టల్లో అన్నం ముందు పెట్టుకొని కూర్చున్నాను మిస్, చేతులకు ఇంకా ఆ అదిమిన గుర్తే" అంది.

ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళ నాయనను పిలిపించి, అమ్మాయి ముందే అడిగాను, వెనక్కి రమ్మంటారా అని. ఆయన అమ్మాయిని చూశారు. ఆమె చాలాసేపు నేల చూసి, "ఆరు నెలలు చూస్తా నాయినా" అంది. నేను ఆయనకు ఒక్కటే చెప్పాను. రోజూ ఫోన్ చేయండి, "అన్నీ బాగుందా?" అని మాత్రం అడగవద్దు, అలా అడిగితే బాగుందనే చెబుతుంది. "ఈరోజు ఏం తెలీలేదు నీకు?" అని అడగండి అన్నాను. ఆయనకు అది వింతగా తోచింది. అయినా అడిగారు. పొద్దున ఎనిమిదిన్నరకు రాత్రి డ్యూటీ దిగి హాస్టలుకు నడిచి వెళ్ళేటప్పుడు ఫోన్. ఆమె పొటాషియం సంగతి చెప్పేది, అది నేరుగా నరంలోకి ఒక్కసారిగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని, ఆ సీసా చేతికి తీసుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుందని. ఆయన టమేటా బాక్సు ఎంతకు పోయిందో చెప్పేవారు. ఈయనకు ఆమె చెప్పేది సగం అర్థం కాదు. వింటారు.

నేనూ నా క్లాసులో ఒక మార్పు చేశాను. "తెలీదు మిస్" అన్న పిల్లను ఇప్పుడు నిలబెట్టడం లేదు. ఎక్కడిదాకా తెలుసో అక్కడిదాకా చెప్పమంటాను. మొదట్లో పిల్లలు నమ్మలేదు, ఇదేదో కొత్త రకం శిక్ష అనుకున్నారు.

ఇప్పుడు ఆ అమ్మాయికి అదే ఆసుపత్రిలో నాలుగో ఏడు నడుస్తోంది. ఈ ఉగాదికి ఊరికొచ్చినప్పుడు మా ఇంటికి వచ్చింది. మా అమ్మ మంచంమీద కూర్చొని ఉంటే, పలకరిస్తూనే మణికట్టు పట్టుకొని గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం మౌనంగా ఉండిపోయింది. అమ్మకు డిజాక్సిన్ మాత్ర ఉంది. అది వేసేముందు నాడి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలని, అరవైకి తగ్గితే మాత్ర వేయకుండా డాక్టరును అడగాలని ఎవరూ మాకు చెప్పలేదు. ఆమె చెప్పింది, నాచేత ఒకసారి లెక్కపెట్టించింది. నేను అరవైనాలుగు అన్నాను. ఆమె అరవైఎనిమిది అంది. "మళ్ళీ చూడండి మిస్" అంది.

ఈసారి ఆమె కింద ఇద్దరు కొత్త పిల్లలు చేరారట. ఒకరు పావగడ, ఒకరు మదనపల్లె. వాళ్ళచేత ఆ ఫోను వాక్యం పలికిస్తున్నానని చెప్పింది.

మా వైపు పీయూసీ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటూ ఉంటే, నర్సింగు గురించి ఏమైనా అడగాలనుకుంటే బైరకూరు బడికి రండి. సాయంత్రం నాలుగున్నర దాకా నేను అక్కడే ఉంటాను. నాకు తెలియనిది ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగి చెబుతాను.